ఒప్పించిన ప్రోగ్రామర్లు

సూపర్ మార్కెట్ ఆర్డర్లు, ఆసుపత్రి బిల్లులు, ఓడల్లో సరుకు జాబితాలు, జీఎస్టీ ఇన్వాయిస్‌లు... ఇవన్నీ ఒక కంపెనీ కంప్యూటర్ నుంచి మరో కంపెనీ కంప్యూటర్‌కి నేరుగా చేరిపోతున్నాయి. ఎవరూ మళ్లీ టైపు చేయడం లేదు. ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజ్, పొట్టిగా ఈడీఐ అనే ఈ ఏర్పాటు వెనక ఉన్న మనుషుల కథ ఇది.

బిల్లులు ఆగిపోయిన రోజు

2024 ఫిబ్రవరి 21న అమెరికాలో చాలా మందుల షాపుల్లో ఇన్సూరెన్స్ కార్డు పనిచేయలేదు. రోగికి బీమా ఉందా, ఈ మందుకు కంపెనీ ఎంత ఇస్తుంది, చేతినుంచి ఎంత కట్టాలి అని కౌంటర్ దగ్గరే క్షణాల్లో తేల్చే వ్యవస్థ ఆగిపోయింది. స్తోమత ఉన్నవాళ్లు పూర్తి ధర కట్టి మందులు తీసుకున్నారు. లేనివాళ్లు ఉత్త చేతులతో ఇంటికెళ్లారు. ఆసుపత్రులు వైద్యం ఆపలేదు గానీ, చేసిన వైద్యానికి బిల్లు పంపే దారి మూసుకుపోయింది. అలా వారాలు గడిచాయి. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ దాదాపు వెయ్యి ఆసుపత్రులను వాకబు చేస్తే, 94 శాతం ఆర్థికంగా దెబ్బతిన్నామని చెప్పాయి.

కారణం ఛేంజ్ హెల్త్‌కేర్ అనే ఒకే ఒక్క సంస్థ మీద జరిగిన సైబర్ దాడి. డాక్టర్లకూ బీమా కంపెనీలకూ మధ్య నిలబడి బిల్లులు అటూ, చెల్లింపుల వివరాలు ఇటూ చేరవేసే క్లియరింగ్‌హౌస్ అది. బయటి నుంచి లాగిన్ అయ్యే ఒక పోర్టల్‌కి మల్టీఫ్యాక్టర్ రక్షణ లేకపోవడంతో దొంగలు అక్కడి నుంచే లోపలికొచ్చారని మాతృసంస్థ యునైటెడ్‌హెల్త్ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ మే 1న అమెరికన్ కాంగ్రెస్ ముందు చెప్పారు. ఆ దొంగలకు 2.2 కోట్ల డాలర్లు చెల్లించినట్టు కూడా ఒప్పుకున్నారు.

ఆ రోజు ఆగిపోయిన ప్రవాహమే ఈడీఐ. డాక్టరు పంపే క్లెయిమ్‌కి అందులో 837 అని నంబరు. బీమా కంపెనీ తిరిగి పంపే చెల్లింపు వివరానికి 835. రోగికి బీమా ఉందా అన్న ప్రశ్న 270, దానికి జవాబు 271. (మందుల షాపులది కొంచెం వేరే ప్రమాణం, పద్ధతి మాత్రం ఇదే.) ఇవన్నీ పనిచేస్తున్నంత కాలం ఎవరి కంటా పడవు. ఆగితే దేశం ఆగుతుంది.

లైనక్స్ రాసినాయన పేరు ఇంజినీరింగ్ పిల్లలందరికీ తెలుసు. వెబ్ కనిపెట్టినాయన పేరు పాఠాల్లో ఉంది. రోజూ కోట్లాది ఆర్డర్లను, బిల్లులను నడిపిస్తున్న ఈ ఏర్పాటును కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఆ రంగంలో పనిచేసేవాళ్లలోనే చాలామందికి తెలియవు. నా దృష్టిలో ఇది పెద్ద అన్యాయం. ఎందుకంటే వీళ్లు చేసింది కోడ్ రాయడం కన్నా కష్టమైన పని. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని వ్యాపారుల్ని, పోటీ కంపెనీల్ని, దేశాల్ని ఒకే పద్ధతికి ఒప్పించారు.

బెర్లిన్ ఆకాశంలో మొదలు

1948 జూన్‌లో సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కి వెళ్లే రోడ్లు, రైలు మార్గాలు, కాలువలు మూసేసింది. ఇరవై లక్షల పైచిలుకు జనానికి తిండి, బొగ్గు, మందులు అన్నీ ఆకాశం నుంచే రావాలి. అమెరికా, బ్రిటన్ విమానాలు రేయింబవళ్లు తిరిగాయి. 1949 సెప్టెంబర్ చివరికి అన్నీ కలిపి 2,78,000 పైచిలుకు ప్రయాణాలు, సుమారు 23 లక్షల టన్నుల సరుకు. అందులో ఎక్కువ భాగం బొగ్గే. 1949 ఏప్రిల్‌లో ఈస్టర్‌కి ముందైతే ఒక్కరోజులో 1,398 విమానాలు దాదాపు 13 వేల టన్నులు దించాయి. అంటే దాదాపు నిమిషానికి ఒకటి చొప్పున.

విమానాలు దొరికాయి, పైలట్లు దొరికారు. చిక్కంతా కాగితాల దగ్గర వచ్చింది. ఏ విమానంలో ఏముంది, ఎంతుంది, ఎవరికి వెళ్లాలి అన్న వివరాలు ఒక్కో చోట ఒక్కో తీరున, ఒక్కో భాషలో వచ్చేవి. విమానం దిగేలోపు కాగితం అర్థం కాకపోతే సరుకు పక్కన పడుతుంది, వెనకే వచ్చే విమానానికి చోటుండదు. అమెరికన్ సైన్యంలో రవాణా పని చూసిన ఎడ్వర్డ్ గిల్బర్ట్ అప్పుడు ఒక ప్రామాణిక సరుకు జాబితా తయారు చేయడంలో ముందు నిలిచాడు. ఏ వివరం ఎక్కడుండాలో, ఏ క్రమంలో రావాలో అందులో ముందే ఖాయం. టెలెక్స్ మీద పంపినా, రేడియో టెలిటైప్ మీద పంపినా, ఫోన్లో చదివి వినిపించినా అవతలివాడికి ఒకేలా చేరుతుంది.

అక్కడ కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా ఒక క్రమం, ఆ క్రమానికి అందరి ఒప్పుకోలు. ఈడీఐ అంటే ఇప్పటికీ ఇంతే. యంత్రం తర్వాత వచ్చి చేరింది.

యుద్ధవాతావరణం తగ్గాక గిల్బర్ట్ డ్యూపాంట్ రసాయన కంపెనీలో చేరాడు. 1960ల మొదట్లో డ్యూపాంట్‌కీ, దాని రసాయనాలు మోసే కెమికల్ లీమన్ ట్యాంక్ లైన్స్ అనే రవాణా సంస్థకీ మధ్య సరుకు వివరాలు ఎలక్ట్రానిక్‌గా పంపుకునే పద్ధతి ఒకటి రూపొందించాడు. ఇద్దరి మధ్య కుదిరింది. ముప్పై మంది, మూడొందల మంది ఉంటే? ప్రతి జంటా తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంటూ పోతే, పది కంపెనీలకు నలభై అయిదు పద్ధతులు కావాలి. వంద కంపెనీలకు 4,950. ఈ లెక్కే తర్వాతి కథంతటినీ నడిపింది.

1968లో వాషింగ్టన్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ డేటా కోఆర్డినేటింగ్ కమిటీ ఏర్పడింది. రైల్వేలు, లారీ కంపెనీలు, విమాన సంస్థలు, ఓడల యజమానులు అందులో ఉన్నారు. దాన్ని నడిపించింది గిల్బర్ట్. సరుకు కోసం రోజూ కొట్టుకునే వీళ్లంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని, తేదీ ఎలా రాయాలి, బరువు ఏ కొలతలో చెప్పాలి, ఊరి పేరుకు ఏ సంకేతం వాడాలి అని వాదించుకున్నారు. మొదటి ప్రమాణాలు అచ్చవడానికి 1975 దాకా పట్టింది. ఏడేళ్లు! ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లు ఒక పత్రం మీద కూర్చుంటే ప్రాజెక్టు ఎప్పుడో మూసేసేవారు. ఆ ఓపికకే గిల్బర్ట్‌ని ఈడీఐ పితామహుడు అంటారు. ఆ మాట తగినదే.

1979లో అమెరికన్ ప్రమాణాల సంస్థ ఆన్సీ ఈ పనిని రవాణా దాటి మొత్తం వ్యాపారానికి విస్తరిస్తూ ఒక కమిటీ వేసింది. దాని పేరు ఎక్స్12. ఆ పేరుతోనే ప్రమాణం కూడా ప్రసిద్ధమైంది. కొనుగోలు ఆర్డరుకు 850, సరుకు బయలుదేరిందన్న కబురుకు 856, ఇన్వాయిస్‌కి 810. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఈ నంబర్లు కలలో కూడా వినిపించే ఇంజినీర్లు చాలామందే ఉంటారు.

106 అక్షరాల తెలివి

ఎక్స్12 ఫైలు మొదటిసారి చూసినవాళ్లకు అది పాడైపోయిన ఫైలులా కనిపిస్తుంది. నక్షత్రాలు, అంకెలు, రెండు మూడు అక్షరాల ముక్కలు, ఖాళీ లేకుండా ఒకటే వరుస. అది ఫోన్ లైను మీద ఒక్కో అక్షరానికీ డబ్బు కట్టిన రోజుల్లో పుట్టింది. అందుకే అక్షరాల్లో అంత పొదుపు.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది తలవరుస. ఐఎస్ఏ అనే మూడక్షరాలతో మొదలవుతుంది. నాలుగో స్థానంలో ఏ గుర్తు ఉంటే, ఆ ఫైలంతటా వివరాల్ని విడదీసే గుర్తు అదే. ఎక్కువగా నక్షత్రం. ఈ తలవరుసలో ప్రతి గడి వెడల్పూ ముందే ఖాయం కాబట్టి, 105వ స్థానంలో ఉన్నది ఉపవివరాల గుర్తు, 106వ స్థానంలో ఉన్నది వరుస ముగింపు గుర్తు. పంపేవాడు ఏ గుర్తులు వాడతాడో ముందే చెప్పాల్సిన అవసరం లేదు. ఫైలే తనను ఎలా చదవాలో తన మొదటి 106 అక్షరాల్లో చెప్పేస్తుంది. నలభై ఏళ్ల కిందటి ఆలోచన అది. ఇప్పటికీ పార్సర్ రాసే ప్రతి ప్రోగ్రామరూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అలాగే, ప్రతి పత్రం చివర అందులో ఎన్ని వరుసలున్నాయో లెక్క రాయాలి. మొదట్లో ఇచ్చిన నంబరే చివర్లోనూ ఉండాలి. ఫోన్ లైను మధ్యలో తెగి ఒక వరుస పోతే లెక్క తప్పుతుంది, దొరికిపోతుంది. ఫైలు చేరాక అవతలి కంప్యూటర్ 997 అనే రసీదు పంపుతుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు అన్నిటికన్నా గుబులు పుట్టించే మాట '997 రాలేదు' అన్నదే. (ఆరోగ్యరంగంలో ఇప్పుడు దీని స్థానంలో 999 వాడుతున్నారు.)

పొదుపుకు మూల్యం కూడా ఉంది. ఇన్వాయిస్ మొత్తం రాసే గడిలో దశాంశ బిందువు రాయరు, చివరి రెండంకెలూ సెంట్లని ఊహించుకోవాలి. 12345 అంటే నూట ఇరవై మూడు డాలర్ల నలభై అయిదు సెంట్లు. ఇది తెలియని కొత్త కుర్రాడు మ్యాపింగ్ చేస్తే బిల్లు వందరెట్లవుతుంది. తలవరుసలో సంవత్సరానికి నేటికీ రెండంకెలే. 2000 సంవత్సరం వచ్చినప్పుడు ప్రపంచమంతా భయపడిన ఆ రెండంకెలు ఇక్కడ మారలేదు. కారణం, ఆ గడి వెడల్పు మారిస్తే 106 లెక్క పోతుంది. ఒకసారి అందరూ ఒప్పుకున్నదాన్ని కదపడం అంత కష్టం.

అట్లాంటిక్‌కి అటువైపు

యూరప్‌ది వేరే దారి. 1971లోనే లండన్ హీత్రూ విమానాశ్రయంలో లేసెస్ అనే పద్ధతి మొదలైంది. సరుకు ఏజెంట్లు కస్టమ్స్ కంప్యూటర్లోకి తామే వివరాలు ఎక్కించేవారు. 1982లో బ్రిటిష్ చిల్లర వ్యాపారం ట్రేడాకామ్స్ ప్రమాణం తెచ్చుకుంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ప్రపంచమంతటికీ ఒకటే ఉండాలన్న ప్రయత్నం ఎడిఫ్యాక్ట్‌గా రూపుదిద్దుకుంది. 1987లో దాని వ్యాకరణం ఐఎస్ఓ 9735 అయింది. నంబర్ల బదులు ఇందులో ఆరక్షరాల పేర్లు. వరుస ముగింపుకి అపోస్ట్రఫీ గుర్తు. పేరులోనే అపోస్ట్రఫీ ఉన్న ఐరిష్ కొనుగోలుదారు వస్తే ఫైలు అక్కడే విరిగిపోకుండా దాని ముందు ప్రశ్నార్థకం పెట్టాలి.

1990ల్లో అమెరికా కూడా ఎడిఫ్యాక్ట్‌కి మారాలని ఎక్స్12 సభ్యులు ఓటు వేశారు. మారలేదు. అప్పటికే ఎక్స్12 మీద డబ్బు పెట్టిన కంపెనీలు ససేమిరా అన్నాయి. ఇవాళ్టికీ అమెరికాతో వ్యాపారమంటే ఒకటి, యూరప్‌తో అంటే మరొకటి. ఆ రెండింటి మధ్య అనువాదం చేసే పని మన కుర్రాళ్లకు జీతం పెడుతోంది.

ఈమెయిల్ రూపం రాసినాయనే దారి చూపాడు

1980లు, 90ల్లో ఈడీఐ పంపాలంటే వ్యాన్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ ఉండాల్సిందే. జీఈ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, స్టెర్లింగ్ లాంటి సంస్థలు ఒక్కో కంపెనీకీ ఎలక్ట్రానిక్ తపాలాపెట్టె ఇచ్చేవి. వెయ్యి అక్షరాలకు ఇంత అని ఛార్జీ. పెద్ద కంపెనీలకు పర్వాలేదు. చిన్న సరఫరాదారుకి ఇది భారం, తప్పించుకోలేని భారం. ఎందుకంటే పెద్ద కొనుగోలుదారు ఈడీఐ లేకపోతే ఆర్డరు లేదంటాడు.

ఇంటర్నెట్ వచ్చాక ఈ కోట గోడ కూలాలి. కూల్చే దారి మొదట చూపినవాళ్లలో డేవ్ క్రాకర్ ఒకరు. మనం రోజూ వాడే ఈమెయిల్ ఏ ఆకారంలో ఉండాలో 1982లో ఆర్‌ఎఫ్‌సీ 822 అనే పత్రంలో నిర్దేశించింది ఆయనే. పంపినవారు, అందుకునేవారు, విషయం అన్న ఆ వరుసల రూపం అందులో ఉంది. అదే క్రాకర్ 1995 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 1767 రాశారు. ఎక్స్12, ఎడిఫ్యాక్ట్ ఫైళ్లను మామూలు ఈమెయిల్‌లో ఎలా చుట్టి పంపాలన్నది దాని సారాంశం. కొద్ది పేజీల పత్రం. దాని అర్థం మాత్రం చాలా పెద్దది: ఈ తపాలాకి ఇక ప్రైవేటు పోస్ట్‌మన్ అక్కర్లేదు.

అయితే ఆర్డరు అంటే డబ్బు. దారిలో ఎవరైనా చదివితే? మార్చితే? 'మాకు అందలేదు' అని అవతలివాళ్లు బొంకితే? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికి ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌లో ఒక బృందం ఏళ్ల తరబడి కూర్చుంది. ముందు ఏఎస్1 వచ్చింది, ఈమెయిల్ మీద నడిచేది. తర్వాత వెబ్ మీద నడిచే ఏఎస్2. ఫైలుకి తాళం, పంపినవాడి డిజిటల్ సంతకం, అందుకున్నవాడు కూడా సంతకం చేసి వెంటనే తిప్పి పంపే రసీదు. ఆ రసీదులో అందిన ఫైలు తాలూకు ముద్ర కూడా ఉంటుంది కాబట్టి 'అందింది గానీ ఇది కాదు' అనడానికీ వీల్లేదు.

ఏఎస్2 పత్రం, అంటే ఆర్‌ఎఫ్‌సీ 4130, అధికారికంగా వెలువడింది 2005 జులైలో. దాని మీద ఉన్న పేర్లు డేల్ మోబర్గ్, రిక్ డ్రమండ్. ఆశ్చర్యం ఏంటంటే అప్పటికే లోకమంతా దాని ముసాయిదాల మీదే నడుస్తోంది. 2002లోనే వాల్‌మార్ట్ తన సరఫరాదారుల్ని ఏఎస్2కి రమ్మంది. వాల్‌మార్ట్ రమ్మంటే రానిదెవరు? వ్యాన్‌ల గుత్తాధిపత్యం ఆ దెబ్బతోనే సడలింది.

ఇందులో డ్రమండ్ చేసిన ఇంకో పని నాకు మరింత విలువైనదిగా కనిపిస్తుంది. ప్రమాణం కాగితం మీద ఒకటే అయినా ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక్కో రకంగా అర్థం చేసుకుంటుంది. టెక్సస్‌లోని ఆయన సంస్థ డ్రమండ్ గ్రూప్ పోటీ కంపెనీలన్నిటి ఉత్పత్తుల్నీ ఒక చోట పెట్టి, ప్రతి ఒక్కటీ మిగతా ప్రతిదానితో ఫైళ్లు మార్చుకోగలిగితేనే అన్నిటికీ సర్టిఫికెట్ ఇచ్చింది. నా సాఫ్ట్‌వేర్ నెగ్గాలంటే నా పోటీదారు సాఫ్ట్‌వేర్‌లో తప్పును నేను వెతికి చెప్పాలి. వ్యాపారంలో ఇలాంటి ఏర్పాటు ఎక్కడుంది?

ఉచితంగా ఇచ్చిన భాష

జాన్ బోసాక్ నోవెల్ కంపెనీలో సాంకేతిక పత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టే పని చేసినవాడు. తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉంటూ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో ఒక బృందాన్ని కూడగట్టి నడిపించాడు. 1998 ఫిబ్రవరి 10న ఆ బృందం ఇచ్చిందే ఎక్స్ఎంఎల్. మనిషి కూడా చదవగలిగిన, కంప్యూటర్‌కీ అర్థమయ్యే రాత.

వ్యాపారలోకం ఎక్స్ఎంఎల్ కోసం ఎగబడింది. పాత చిక్కు మళ్లీ మొదలైంది. ఒక్కో కంపెనీ ఇన్వాయిస్‌కి ఒక్కో రకం పేర్లు పెట్టుకుంది. గిల్బర్ట్ నాటి లెక్కే మళ్లీ తలెత్తింది. అప్పుడు, 2001లో, బోసాక్ ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థలో యూబీఎల్ కమిటీ ప్రారంభించాడు. యూనివర్సల్ బిజినెస్ లాంగ్వేజ్. ఆ పని శూన్యం నుంచి మొదలు కాలేదు. అంతకుముందే బాబ్ గ్లుష్కో, ఆయన మిత్రులు వియో సిస్టమ్స్‌లో సీబీఎల్ అనే వ్యాపార పత్రాల గ్రంథాలయం తయారు చేశారు. ఆ కంపెనీని కామర్స్ వన్ కొన్నాక అది ఎక్స్‌సీబీఎల్‌గా పెరిగింది, యూబీఎల్‌కి ప్రాతిపదిక అయింది. ఈవ్ మేలర్ లాంటివాళ్లు పేర్లు పెట్టే నియమాలు రాశారు. ఆస్ట్రేలియా నుంచి టిమ్ మెక్‌గ్రాత్ విషయ గ్రంథాలయాన్ని చూశాడు. కెనడా నుంచి కెన్ హోల్మన్ ఏళ్ల తరబడి కమిటీ బాధ్యత మోశాడు. 2004లో మొదటి వెర్షన్‌లో ఎనిమిది పత్రాలు. 2013లో వచ్చిన 2.1లో 65. 2015లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది.

రాయల్టీ లేదు. ఫీజు లేదు. ఎవరైనా దింపుకోవచ్చు, వాడుకోవచ్చు. ఈ నిర్ణయమే యూబీఎల్‌ని నిలబెట్టింది. ఎక్స్12 ప్రమాణ పత్రాలు కొనాలి. చట్టం తప్పనిసరి చేసిన ఆరోగ్యరంగపు ఎక్స్12 మార్గదర్శకాలకూ డబ్బు కట్టాలి. ఈ పద్ధతి తప్పు. పాటించకపోతే జరిమానా వేసే నియమాన్ని చదవడానికి పౌరుడు డబ్బు కట్టకూడదు. ఎక్స్12 కమిటీల శ్రమ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో బోసాక్ పక్షమే న్యాయం.

యూబీఎల్‌కి తొలి పెద్ద పరీక్ష డెన్మార్క్ పెట్టింది. 2005 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ తప్పనిసరి అన్నారు. తీసుకున్నది యూబీఎల్ 0.7, ఇంకా పూర్తికాని వెర్షన్. కంప్యూటర్ లేని చిన్న వ్యాపారుల కోసం కాగితం బిల్లును స్కాన్ చేసి ఎక్కించే కేంద్రాలు కూడా పెట్టారు. ఎవర్నీ బయట వదల్లేదు. అక్కడి అనుభవం యూరప్ మొత్తానికి పాకింది. 2008లో మొదలైన పెప్పోల్ ప్రాజెక్టు దేశాల సరిహద్దులు దాటి ఇన్వాయిస్‌లు పంపే నెట్‌వర్క్‌గా ఎదిగింది. ఇప్పుడు సింగపూర్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్ కూడా అందులో ఉన్నాయి.

ఒంటరి మనుషుల కోడ్

కమిటీలు ప్రమాణం ఇస్తాయి. దాన్ని ఎవరో ఒకరు నడిచే ప్రోగ్రాంగా రాయాలి. లక్షల డాలర్ల లైసెన్సులు కొనలేని కంపెనీల కోసం కొద్దిమంది ఆ పని తమ భుజాన వేసుకున్నారు. నెదర్లాండ్స్‌కి చెందిన హెంక్-యాన్ ఎబ్బర్స్ పైథాన్‌లో బాట్స్ అనే అనువాదకాన్ని రాసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశాడు. ఎక్స్12, ఎడిఫ్యాక్ట్, ట్రేడాకామ్స్, ఎక్స్ఎంఎల్ అన్నీ చదువుతుంది. ఆస్ట్రియాకి చెందిన ఫిలిప్ హెల్గర్ జావాలో రాసిన గ్రంథాలయాలు పెప్పోల్ ప్రపంచంలో అనేక సంస్థలకు ఆధారం. ఏఎస్2 తర్వాతి తరం ఏఎస్4 మీద ఆయన రాసిన ఫేజ్4 అందులో ఒకటి. చదవాలనుకున్న ఎవరికైనా ఆ కోడ్ తెరిచే ఉంది. ఈడీఐ నేర్చుకునే పిల్లలకు ఏ కోచింగ్ నోట్సు కన్నా అది మంచి పాఠ్యపుస్తకం.

అమీర్‌పేట నుంచి ఆటోనగర్ దాకా

అమెరికాలో ఒకప్పుడు క్లెయిమ్ పంపడానికి సుమారు 400 రకాల ఫార్మాట్లు ఉండేవని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. 1996 నాటి హిపా చట్టం వాటిని ఒకే ప్రమాణానికి తెమ్మంది. 2003లో ఎక్స్12 ప్రమాణపు 4010 వెర్షన్, 2012లో 5010. ఈ రెండు మార్పులూ తెలుగువాళ్లకు వేల ఉద్యోగాల తలుపులు తెరిచాయి. హైదరాబాద్‌లో కూర్చుని, డల్లాస్‌లో, న్యూజెర్సీలో కూర్చుని మనవాళ్లు 837లూ 835లూ మ్యాప్ చేశారు, పరీక్షించారు, రాత్రుళ్లు కాపలా కాశారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద స్టెర్లింగ్, బిజ్‌టాక్ అనే ఈడీఐ సాఫ్ట్‌వేర్ల పేర్లు వెలిశాయి.

ఆ పని చేసినవాళ్లకు ఒక నిజం బాగా తెలుసు. ప్రమాణం ఒకటే అంటారు గానీ, ఒక్కో బీమా కంపెనీ తనకంటూ ఒక 'కంపానియన్ గైడ్' ఇస్తుంది. ఈ గడి మాకు తప్పనిసరి, ఆ గడిలో మా సొంత నంబరు పెట్టండి అంటుంది. 400 ఫార్మాట్లను తలుపు బయటికి పంపితే కొన్ని కిటికీలోంచి లోపలికొచ్చాయి. ఎక్కడెక్కడ ప్రమాణం చిరిగిపోయిందో కమిటీలో కూర్చున్నవాళ్లకన్నా గచ్చిబౌలిలో రిజెక్ట్ అయిన ఫైళ్లు తెరిచి చూసేవాళ్లకే ఎక్కువ తెలుసు.

ఇక మన గడప. భారత కస్టమ్స్ ఈడీఐ వ్యవస్థను కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ 1995లో ఢిల్లీలో మొదలుపెట్టింది. ఇవాళ భీమవరం రొయ్య విశాఖ రేవు నుంచి అమెరికాకి బయలుదేరాలంటే షిప్పింగ్ బిల్లు ఎలక్ట్రానిక్‌గా కస్టమ్స్‌కి చేరాలి. ఓడలో ఎక్కించడానికి 24 గంటల ముందే కొనుగోలుదారు తరఫున సరుకు వివరాలు అమెరికన్ కస్టమ్స్ కంప్యూటర్‌లో ఉండాలి.

జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ దేశంలో ఈడీఐని సామాన్య వ్యాపారి దాకా తెచ్చింది. 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవరు కంపెనీలతో మొదలై, మెట్టుమెట్టుగా దిగి 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు వచ్చింది. ఆ పరిమితి దాటిన విజయవాడ ఆటోనగర్ స్పేర్‌పార్టుల డీలరు మరో వ్యాపారికి బిల్లు కొట్టిన ప్రతిసారీ అది పోర్టల్‌కి వెళ్లి, 64 అక్షరాల నంబరుతో, సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌తో తిరిగొస్తుంది. అమ్మకందారు జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, బిల్లు రకం, ఆర్థిక సంవత్సరం... ఈ నాలుగింటి నుంచే ఆ 64 అక్షరాలూ పుడతాయి. అందుకే ఒకే బిల్లు రెండుసార్లు నమోదు కాదు. ఈ ఇన్వాయిస్ రూపాన్ని తయారు చేసేటప్పుడు జీఎస్టీ కంప్యూటర్ వ్యవస్థను నడిపే సంస్థ జీఎస్టీఎన్ ముందు పెట్టుకున్న నమూనా యూబీఎల్ ఆధారిత పెప్పోల్. బోసాక్ బృందం ఉచితంగా ఇచ్చిన ఆలోచన ఆటోనగర్ కౌంటర్ మీద ప్రింటవుతోంది.

ఇంత పని మన చేతుల మీదుగా జరుగుతున్నా, ప్రమాణాలు రాసిన పత్రాల మీద ప్రముఖంగా కనిపించే పేర్లలో మనవాళ్లు ఎంతమంది? మనం వాటిని అమలు చేసేవాళ్లుగానే మిగిలాం. ఇది తెలివి తక్కువై కాదు. టికెట్ మూసేయడమే పనిగా లెక్కించే కంపెనీలు, కమిటీ మీటింగులో కూర్చునే గంటను పనిగా లెక్కించవు. ఆ లెక్క మారాలని మేనేజర్లను అడగాల్సింది కూడా మనమే.

ఈడీఐలో పనిచేస్తున్న తెలుగు ఇంజినీర్లకు నా విన్నపం ఒకటుంది. యూబీఎల్ కొత్త వెర్షన్ ఖరారయ్యే ముందు ఓయాసిస్ దాన్ని బహిరంగ సమీక్షకు పెడుతుంది. ప్రపంచంలో ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు. ఐక్యరాజ్యసమితి ఎడిఫ్యాక్ట్ పట్టికలు వెబ్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటి మీద పనిచేసేది స్వచ్ఛంద నిపుణులే. బాట్స్ కోడ్, ఫేజ్4 కోడ్ తెరిచే ఉన్నాయి. ఈ వారం మీ దగ్గర రిజెక్ట్ అయిన ఒక ఫైలు తీసుకోండి. తప్పు పంపినవాడిదా, ప్రమాణంలోనే ఉందా తేల్చండి. ప్రమాణంలోనే ఉంటే రోగుల, వ్యాపారుల వివరాలన్నీ తీసేసి, ఆ లోపాన్ని ఒక పేజీలో రాసి, మీ పేరుతో ఆ కమిటీకి పంపండి.